తలుపు మీది సీలు

గ్లెనిస్ గోళ్లు ఎప్పుడూ మొదలంటా కత్తిరించి ఉంటాయి. సెంటు పూసుకోదు, చేతులు పగిలినా క్రీము రాయదు. అత్యాచారానికి గురైన ఆడవాళ్ల ఒంటి మీది సాక్ష్యాన్ని సేకరించే నర్సు ఆమె; తన వెంట్రుక ఒక్కటి పడినా కోర్టులో కేసు వీగిపోతుందని భయం. పరీక్ష గదంతా రెండుసార్లు తుడిచి, వెనక్కి నడుస్తూ బయటికొచ్చి, తలుపుకి సీలు అంటించి టైము రాస్తుంది. తొమ్మిదేళ్లు ఆసుపత్రి లాండ్రీ పక్క కొట్టుగదిలో ఇలాగే చేసింది. అక్కడికి మంత్రులెవరూ రారు గనక అది శుభ్రంగానే ఉండేది.

కొత్త భవనం ప్రారంభం రోజున మేనేజరు బ్రెట్ అక్కడి కొత్త పరీక్ష గది తలుపు సీలును గోటితో ఊడబీకాడు. "ఒక్క ఫొటోయే గ్లెనిస్, మొహం అలా పెట్టకు." మంత్రిగారు పరీక్ష బల్లెక్కి కూర్చుని, "మెత్తగానే ఉందే," అన్నారు. వెనకాల ముప్పైమంది, చేతుల్లో కొబ్బరికోరు అద్దిన కేకులు. వాళ్ల కార్లు కదిలిన పది నిమిషాలకి ఒక అమ్మాయి ఒంటరిగా వచ్చింది. పాత గదిని అప్పటికే లాండ్రీ దుప్పట్లతో నింపేశారు.

"ముఖం కడుక్కోవచ్చా?"

"ఇప్పుడే వద్దమ్మా, సాక్ష్యం పోతుంది. గది తుడిచి పిలుస్తాను, గంటన్నర ఓపిక పట్టు."

"మీకు పనున్నట్టుంది. రేపు రానా?"

"వద్దు తల్లీ, కూర్చో." పరీక్షయ్యాక వేసుకోవడానికని, తాను సొంతంగా కొనిపెట్టే బూడిదరంగు ప్యాంటు ఆమె ఒళ్లో పెట్టింది.

బల్ల మీది కొబ్బరికోరు ఏరింది, రెండుసార్లు తుడిచింది, వెనక్కి నడుస్తూ బయటికొచ్చింది. కుర్చీలో ప్యాంటు మడతపెట్టి ఉంది. పక్కనే వాష్‌బేసిన్‌లో సబ్బునురగ ఇంకా కిందికి జారుతోంది.