తుఫాను తర్వాత వంజరం పులుసు

చిల్లకూరు హజరత్తయ్యకి చేపలంటే ప్రాణం. లారీ ఏ ఊళ్ళో ఆపినా ముందు అడిగేది ఆ పూట హోటల్లో ఏం చేప వండారని. "పోయిన జన్మలో నువ్వు కొంగవే, అనుమానం లేదు" అనేది పెళ్ళాం పెంచలమ్మ. ఆయన నవ్వి ఇంకో ముక్క వేయించుకునేవాడు.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. చిల్లకూరు చుట్టుపక్కల రైతులు తలా కొంచెం బియ్యం, చింతపండు పోగుచేసి, మైపాడు అవతల జాలర్లుండే పట్టపుపాలేనికి హజరత్తయ్య లారీలో పంపారు. సాయంత్రానికల్లా తిరిగొస్తానని పెంచలమ్మకి చెప్పి బయల్దేరాడు. మూటలు దించుతుండగానే మళ్ళీ వాన పట్టుకుని, వెనక కాలవ కట్ట తెగి దారి కొట్టుకుపోయింది.

పాలెంలో ఒక్క ఇంటి కప్పూ మిగల్లేదు. లారీకి మాత్రం టార్పాలిన్ ఉంది. నాగూరమ్మ అనే ఆవిడ అడక్కుండానే తన ఇద్దరాడపిల్లల్ని ఎక్కించి, తనూ ఎక్కింది. ఆమె వెనకే తక్కిన ఆడవాళ్ళు, పసివాళ్ళు. హజరత్తయ్య లారీ కింద గోనెపట్టా పరుచుకున్నాడు. నాగూరమ్మ మొగుడు తుఫానుకి ముందు తెప్ప మీద వేటకి వెళ్ళి ఇంకా రాలేదు. రాడని అందరికీ తెలుసు, ఎవరూ అనడం లేదు.

కాలవ మీద పడవలో అధికారులు వచ్చారు. చెప్పులు తడవకుండా పడవలోంచే పరామర్శించారు. పోతూ పోతూ "నువ్వూ రారాదా, డ్రైవరూ?" అన్నారు.

"లారీ నా సొంతమా సార్, ఇడిసిపెట్టి వచ్చేదానికి? ఓనరు తోలు తీస్తాడు" అన్నాడు హజరత్తయ్య. టార్పాలిన్ కింద నిద్రపోతున్న పిల్లల సంగతి మాత్రం ఎత్తలేదు.

సముద్రం నెమ్మదించింది. బియ్యం అడుగంటుతోంది. మొగవాళ్ళు మిగిలిన తెప్పలు కట్టుకుని వెళ్ళి, ఇసక మీద చేపలు కుప్పపోశారు. ఆ కుప్పలో మిలమిలలాడే వంజరాన్ని చూడగానే హజరత్తయ్యకి ఒళ్ళు తెలియలేదు. గబుక్కున తీసి భుజానికెత్తుకున్నాడు.

"ఇట్టాంటి వంజరం పడుంటే ఒక్కరూ ముట్టుకోరేందయ్యా! నాగూరమ్మా, చింతపండు నానేయి!"

వల బాగుచేసుకుంటున్న ముసలాయన కామాక్షయ్య తల కూడా ఎత్తకుండా అన్నాడు: "మా వోళ్ళింకా ఆ నీళ్ళలోనే ఉండారు నాయనా. ఆ చేప ఏం తినుందో నీకేమన్నా తెలుసా?"

హజరత్తయ్య భుజం మీంచి చేప జారిపోయింది. ఆ పూట గంజి కూడా తాగలేకపోయాడు.

కాలవ అవతల నుంచి చేపలు కొనే బేరగాడు వచ్చి, కుప్ప చూసి వెనక్కి తిరిగాడు. "నెల్లూళ్ళో ఎవురూ సముద్రం చేప తినడంలా. నేనేం చేసేది?" అన్నాడు. ఆ చేపలన్నీ ఇసకలో పూడ్చేశారు.

మర్నాడు కూడా తెప్పలు వెళ్ళాయి. ఈసారి నాగూరమ్మే వెళ్ళి వంజరం ఏరి తెచ్చింది. తోమింది, కోసింది, పొయ్యి రాజేసింది. పులుసు ఉడుకుతుంటే పాలెమంతా చుట్టూ చేరింది. ఆమె ఆకులో అన్నం పెట్టి హజరత్తయ్య ముందుంచింది.

"తినన్నా."

"నావల్ల కాదమ్మా."

"నీవల్లే కావాల. బియ్యం ఊరికే ఇచ్చినోళ్ళు చేప కొనమంటే మొకం తిప్పుకుంటుండారు. ఎన్నాళ్ళిస్తారు బియ్యం? మా ఆయన బతికినన్నాళ్ళూ సముద్రం కూడే తిన్నాడు, నా బిడ్డలూ అదే తినాల. మేం తిన్నామంటే నెల్లూళ్ళో నమ్మేదెవురు? లారీవోడివి నువ్వు తిని చెప్తే పదూళ్ళకి పోతది."

ఆమె ఇంకో ఆకు వేసుకుని ఆయన ఎదురుగా కూర్చుని మొదటి ముద్ద తను తింది. చేపలంటే ప్రాణమిచ్చే మనిషి ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి, ఆగి, మింగాడు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"కారం... కారమెక్కువైంది నాగూరమ్మా."

"మిరపకాయలు యాడుండాయన్నా? అన్నీ కొట్టుకపాయె గదా!"

ముందు ఆమె నవ్వింది. తర్వాత కామాక్షయ్య. నవ్వుతూనే ఏడ్చారు కొందరు. ముసలాయన వల పక్కన పెట్టి, "నాకూ ఓ ముక్క ఎయ్యమ్మే" అన్నాడు.

తాటిమొద్దులు పరిచి దారి వేశాక, ఖాళీగా పోవలసిన లారీ చేపల గంపలతో బయల్దేరింది. నాగూరమ్మ దారికని తపేలాలో అన్నం, పులుసు కట్టిచ్చింది.

నెల్లూరు చేపల బజారులో జనం దూరంగానే నిలబడ్డారు. "తుఫాను చేపలా?" అని ఎవరో గొణిగారు. హజరత్తయ్య లారీ మెట్టు మీద కూర్చుని, తపేలా మూత తీసి, నిదానంగా, ముల్లు ముల్లూ ఏరుకుంటూ తినసాగాడు. చింతపండు పులుసు వాసన బజారంతా పాకింది. చాలాసేపటికి సంచి పట్టుకున్న ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"ఎట్టుంది నాయనా?"

హజరత్తయ్య వేళ్ళు నాక్కున్నాడు.

"కారం చాల్లేదమ్మా. నువ్వు వండేటప్పుడు ఇంకో రెండు మిరపకాయలు ఎక్కువెయ్యి."

ఆమె సంచి తెరిచింది.