వంటగది తాళంచెవి కోసం ఆడిన ఫుట్‌బాల్

మొన్న శనివారం పొద్దున సిడ్నీ రౌస్ హిల్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. పక్కనే మా మనవడు కాళ్ళు బారజాపుకుని ట్యాబ్‌లో ఏదో చూస్తూ పడీపడీ నవ్వుతున్నాడు. ఆ నవ్వుకి వాడి కాలు ఎగిరి నా మోకాలికి తగిలితే, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండానే "సారీ తాతా" అన్నాడు. అంతగా నవ్వించేది ఏమిటా అని తొంగిచూసి కాఫీ కప్పు కింద పెట్టేశాను. బాగా పాత కార్టూను. రెండు కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీ, ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు గుట్టలుగా పడుతుంటారు, స్ట్రెచర్లు వరసగా వస్తుంటాయి, బ్యాండువాళ్ళు మాత్రం తమకేమీ పట్టనట్టు వాయించుకుంటూ పోతుంటారు. నలభై ఏళ్ళ కిందట నా పరువునీ, నా రూమ్మేటు చదువునీ గంగలో కలపబోయింది సరిగ్గా ఇదే. విమానం దిగిన మొదటి ఏడాది బంగాళాదుంప ముందు కూర్చుని ఏడ్చిన నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకి ఈ గోడు వెంటనే అర్థమవుతుంది.

అప్పట్లో మేము మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాళ్ళం. మేమంటే నేనూ, నా రూమ్మేటూ. హాస్టలు మొత్తానికి తెలుగువాళ్ళం ఇద్దరమే. నాది తెనాలి దగ్గర పల్లె, అతనిది గుంటూరు. ఇప్పుడు ఈ సిడ్నీ హారిస్ పార్క్‌లో రైలు దిగితే చాలు దోసె వాసన ఎదురొస్తుంది, కరివేపాకు ఏ కొట్లో తాజాగా ఉందో పోల్చుకుని మరీ కొంటున్నాం గానీ, ఆ రోజుల్లో పిడికెడు చింతపండు కోసం రెండు ట్రాములు మారి వెళ్ళేవాళ్ళం. హాస్టల్లో ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉడకబెట్టిన బఠాణీలు, ఉడకబెట్టిన మాంసం; ఉడకబెట్టడం తప్ప వంటలో ఇంకో విద్య ఉందని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. ఆకలి రుచెరగదన్న పెద్దమనిషి మా మెస్సులో ఒక్కపూట తిని ఉంటే ఆ మాట అప్పుడే వెనక్కి తీసుకునేవాడు.

ఆదివారాలు మెస్సుకి సెలవు. వార్డెన్ గారు, ఎప్పుడూ గొడుగు చేతిలో ఉండే పెద్దావిడ, ఆ ఒక్కరోజు వంటగది తాళంచెవి మా చేతిలో పెట్టేవారు. వారమంతా మేము బతికింది ఆ తాళంచెవి మీదే. ఒక ఆదివారం పక్క హాల్లో పిల్లల తల్లిదండ్రులకి టీ విందు జరుగుతుంటే, మా వాడు పప్పుచారుకి పోపు వేస్తూ క్రికెట్ స్కోరు వినడానికి బయటికి వెళ్ళాడు. గుంటూరు ఎండుమిరపకాయలు, అవి మాడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సూట్లూ టోపీలూ వేసుకున్న పెద్దమనుషులంతా ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ పచ్చికలోకి పరిగెత్తారు. ఆ సాయంత్రమే తాళంచెవి వార్డెన్ గారి హ్యాండుబ్యాగులోకి వెళ్ళిపోయింది.

నేను ఎలాగో సర్దుకున్నాను గానీ నా రూమ్మేటు సర్దుకోలేకపోయాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు, స్కాలర్‌షిప్పు మీద వచ్చినవాడు, మెస్సులో రెండు ముద్దలు మింగి గదికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. రెండు నెలల్లో చొక్కాలన్నీ వదులైపోయాయి. ఒకరోజు బీరువా మీద నుంచి పెట్టె దింపి మంచం కింద పెట్టుకున్నాడు.

"ఈ టర్మ్ అయ్యేలోపు తాళంచెవి రాకపోతే నేను పోతన్నా రా. పీహెచ్‌డీ లేకపోయినా బతకొచ్చు, పప్పుచారు లేకపోతే ఎట్టా?" అన్నాడు.

మొదట నవ్వాను. అతను నవ్వలేదు.

అదే సమయంలో చలికాలం వచ్చింది, చలికాలంతో ఫుట్‌బాల్ వచ్చింది. గోడ అవతల ఇంకో హాస్టలు ఉండేది, ఏటా వాళ్ళతో పోటీ, ఏటా మేమే ఓడేవాళ్ళం. వార్డెన్ గారికి ఆదివారం చర్చి తర్వాత అంత భక్తి ఉన్నది ఆ ఆట మీదే. ఆ ఏడు సగం హాస్టలు జలుబుతో మంచమెక్కింది, జట్టుకి పద్దెనిమిది మంది కావాలి, ఎలా లెక్కపెట్టినా పదహారు మందే తేలారు. ఆవిడ మా గదికి వచ్చి, మీరిద్దరూ ఆడండి, గెలిస్తే తాళంచెవి ఇస్తాను అన్నారు. మా వాడు ఆట పేరు కూడా పూర్తిగా వినకుండా ఒప్పేసుకున్నాడు.

మనవైపు ఆడే ఫుట్‌బాల్ కాదది, ఆ ఆట మేము పుట్టి బుద్ధెరిగాక చూసింది లేదు. ఎవరినైనా అడిగితే నామోషీ. దేవుడు పంపినట్టు ఆ శనివారం పొద్దున కామన్ రూమ్ టీవీలో ఈ కార్టూను వచ్చింది. మా వాడు పరిగెత్తుకెళ్ళి నోటుపుస్తకం తెచ్చుకుని లెక్చరు రాసుకున్నంత శ్రద్ధగా నియమాలు రాసుకున్నాడు. బంతి దొరికితే పొట్టకి అదుముకుని పరిగెత్తాలి, ఆపితే తల వంచి గుద్దాలి, పదిమంది మీద పడినా బంతి వదలకూడదు, అని. వారం రోజులు నేను దిండు పొట్టకి అదుముకుని వరండాలో పరిగెత్తడం, అతను నా మీద పడటం, ఇదే సాధన. ఆ కార్టూనులో ఆడేది అమెరికావాళ్ళ ఆట అనీ, ఆస్ట్రేలియావాళ్ళ ఆట పూర్తిగా వేరనీ మా ఇద్దరు పోస్ట్‌గ్రాడ్యుయేట్ బుర్రలకీ తట్టలేదు.

ఇక పోటీ రోజు చూడాలి మా అవతారం. ఎముకలు కొరికే చలిలో చేతుల్లేని బనీనూ, చిన్న నిక్కరూ, కిందంతా బురద. ఆట మొదలైన కాసేపటికే బంతి మా వాడి చేతికి చిక్కింది. పొట్టకి అదుముకుని, తల వంచుకుని పరుగు లంకించుకున్నాడు. ఈ ఆటలో పరిగెత్తేవాడు పదీ పదిహేను మీటర్లకోసారి బంతిని నేలకి కొట్టి పట్టుకోవాలట. అంపైరు ఈల వేశాడు, ఆ ఈల శభాష్ అన్నట్టు వినిపించి మా వాడు ఇంకా జోరందుకున్నాడు. మొత్తానికి ఇద్దరు పట్టుకుని ఆపి, బుజ్జగించి, బంతి లాక్కోవాల్సి వచ్చింది. అలా ఆరుసార్లు. కార్టూనులోలాగా బ్యాండు ఒక్కటే తక్కువ.

నన్ను మాత్రం అవతలి జట్టులో ఒక ఎర్రజుట్టు మనిషి జలగలా పట్టుకున్నాడు. తాటిచెట్టంత ఎత్తు. నేనెటు కదిలితే అటు. అయినా మావాళ్ళు పదహారు మందీ ప్రాణాలకి తెగించి ఆడటంతో ఆట చివరికి వచ్చేసరికి నాలుగు పాయింట్లే వెనకబడ్డాం. ఒక్క గోలు పడితే ఆరు పాయింట్లు, గెలుపు మాది, తాళంచెవి మాది. సరిగ్గా అప్పుడు బంతి బురదలో తిక్కతిక్కగా గెంతుకుంటూ వచ్చి నా చేతిలో పడింది. ఎదురుగా గోలు స్తంభాలు, మధ్యలో నరమానవుడు లేడు. కంచె దగ్గర వార్డెన్ గారు గొడుగుతో కంచెని బాదుతున్నారు. మా వాడు మైదానం అవతలి నుంచి తెలుగులోనే తన్నరా, తన్నరా అని అరుస్తున్నాడు. ఎర్రజుట్టతను నా మీదికి దూకబోయి, జారి, నా కాళ్ళ ముందు బోర్లా పడ్డాడు. నేను అడుగు వేయబోతే నా బూటు వెళ్ళి అతని తలకి తగిలింది.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. బైబిలుకి గానీ, పాటల పుస్తకానికి గానీ, మనిషికి గానీ కాలు తగిలితే మా ఇంట్లో ముట్టుకుని కళ్ళకద్దుకోవాల్సిందే. మనిషంటే దేవుడు తన పోలికలో చేసినవాడురా, తన్ని ఊరుకుంటావా అని ఒక్కటి వేసేది. ఆ దెబ్బలు ఇరవై ఏళ్ళుగా ఒంట్లో ఇంకి ఉన్నాయి. నా బుర్రకి సంగతి తెలిసేలోపే నా చేతులు బంతిని కింద పెట్టేశాయి, నేను వంగి, ఆ ఎర్రజుట్టు తలని ముట్టుకుని, బురద వేళ్ళని రెండు కళ్ళకీ అద్దుకున్నాను. నేను కళ్ళు తెరిచేసరికి ఇంకెవరో బంతి ఎత్తుకుపోతున్నారు. ఆట అయిపోయినట్టు సైరన్ మోగింది.

వార్డెన్ గారు హ్యాండుబ్యాగు టక్కుమని మూసి వెళ్ళిపోయారు. గదికొచ్చాక నా రూమ్మేటు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంచం కింది పెట్టె పైకి తీసి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టుకుంటున్నాడు. నేను నా మంచం మీద కూర్చుని చూస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే ఎర్రజుట్టతను, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. కొట్టడానికే వచ్చాడనుకున్నాను. అతను గుమ్మంలోనే నిలబడి, నా తల ముట్టుకుని ఏం చేశావు, మా వాళ్ళంతా అది చేతబడి అంటున్నారు అని అడిగాడు. నాయనమ్మ చెప్పిందంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. అతను నుదుటి మీది బొప్పి తడుముకున్నాడు. తర్వాత మంచం మీద పెట్టె చూసి అదేమిటన్నాడు. అదీ చెప్పాను, తాళంచెవితో సహా.

"మా వంటగదికి తాళమే లేదు. రేపు ఆదివారమేగా, రండి" అన్నాడు.

రొట్టె విరిగి నేతిలో పడటమంటే అదే. మర్నాడు శత్రువుల వంటగదిలో పప్పుచారు కాచాం, బంగాళాదుంపలు నిజంగా వేయించాం. అవతలి జట్టంతా దగ్గుతూ, ముక్కులు చీదుకుంటూ, ఇంకొంచెం పెట్టమన్నారు. నా రూమ్మేటు మూడుసార్లు అన్నం కలుపుకుని, నాలుగోసారి కలుపుతూ ఏడ్చాడు. పెట్టె మళ్ళీ బీరువా మీదికెక్కింది. నెల తిరిగేసరికి మా హాస్టలువాళ్ళు గోడ దూకి రావడం మొదలుపెట్టారు, ఒక ఆదివారం వార్డెన్ గారే గొడుగుతో, సొంత ప్లేటుతో వచ్చారు. ఆట ఊసు ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

నా రూమ్మేటు డాక్టరేటు పుచ్చుకుని ఇప్పుడు మెల్‌బోర్న్ పాయింట్ కుక్‌లో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. పోపు మాత్రం పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీదే పెట్టుకోవాలని వాళ్ళావిడ శాసనం. ఎర్రజుట్టతను మాకు సొంత మనిషైపోయాడు. నేర్చుకున్న విద్య వదల్లేదు. ట్రాములో ఎవరి కాలు తొక్కినా ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు, వాళ్ళు బెదిరిపోతే నా వైపు చూపించేవాడు.

పోయిన చలికాలం మేమిద్దరం అతన్ని చూడటానికి వెళ్ళాం. ఇప్పుడు వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు, జుట్టంతా తెల్లబడింది, మతిమరుపు ముదిరింది. మా పేర్లు గుర్తులేవు, మొహాలు గుర్తులేవు, ఆట కూడా గుర్తులేదు. వెళ్ళొస్తామని లేచి కుర్చీ జరుపుతుంటే అతని చెప్పు కాలు నా బూటుకి తగిలింది. అతను నెమ్మదిగా వంగి, నా మోకాలు ముట్టుకుని, రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. ఎందుకో అతనికి తెలియదు. కారెక్కేదాకా నా రూమ్మేటూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కార్టూను అయిపోయింది, మనవడు ఇంకోటి పెట్టుకున్నాడు. సారీ అన్నాడుగా, వాడి తప్పేమీ లేదు, బంగారం లాంటి పిల్లాడు. గుమ్మంలో నిలబడ్డ పరాయి మనిషికి పది నిమిషాల్లో నేర్పిన ముక్క, ఈ సోఫాలో పదేళ్ళుగా పక్కన కూర్చుంటున్నవాడికి నేనెప్పుడూ చెప్పలేదు.