మడిచి పట్టుకున్న ఇంచు

"ఊరందరి నడుములు బుక్కుల రాస్తవు గదా గఫార్ భాయ్, మరి నీ నడుమెంత?"

ఐలేశ్ ఈ మాట అడిగినప్పుడు దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు. ఇద్దరూ నవ్వారు. గఫార్ కూడా నవ్వాడు గానీ పెదాల మధ్య గుండుసూదులు ఉండటంతో ఆ నవ్వు సగమే బయటికొచ్చింది. జవాబు ఆయనకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా భూపాలపల్లిలో మగవాళ్ళ నడుములు కొలుస్తున్న మనిషి తన నడుముకు ఒక్కనాడూ టేపు చుట్టుకోలేదు. దుకాణానికి బొందు బిగించే నాడా పైజామా వేసుకొని వస్తాడు. నాడాకు అంకెలుండవు.

గఫార్ పుట్టింది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లెలో. పద్నాలుగేళ్ళకు జనగామలో ఒక టైలర్ దగ్గర కాజాలు కుట్టడానికి కుదిరాడు. బొగ్గు గనులతో భూపాలపల్లి పెరుగుతోందని విని, ఒక పాత మిషిన్ బస్సు మీద వేసుకొని వచ్చి ఇక్కడ పాతుకుపోయాడు. భార్య సఫియా బేగంది మహబూబాబాద్. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక కొత్త గుడ్డలు తగ్గిపోయి ఆల్టరేషన్లు మిగిలాయి. అందులోనూ ఎక్కువ భాగం వదులు చేయడమే. ఇరవై ఎనిమిదితో పెళ్ళి ప్యాంటు కుట్టించుకున్నవాడు పదేళ్ళకు ముప్పై ఎనిమిదితో వచ్చి, కుట్టులో గుడ్డ ఏమన్నా మిగిలిందా అని అడుగుతాడు. ఆ తర్వాత రెండేళ్ళకు జేబులో దవాఖాన చీటీతో వస్తాడు. ఊరికి షుగరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే దవాఖాన లెక్కల కన్నా గఫార్ కొలతల బుక్కులు చూడటం మేలు.

ఈ సంగతి ఎత్తితే చాలు, వెనకటి వాళ్ళు జొన్నలు తిని నూరేళ్ళు బతికారని ఎవరో ఒకరు మొదలుపెడతారు. గఫార్ తండ్రి అబ్దుల్ బారీ పుట్టింది మొదలు జొన్న గటకే తాగాడు. యాభై రెండేళ్ళకే పోయాడు. జొన్నలతో పాటు రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడని ఎవరూ గుర్తుచేయరు.

గఫార్‌కూ ఐలేశ్‌కూ షుగరు ఒక్కరోజే బయటపడింది. ఐలేశ్ ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. ఇద్దరికీ నలభై ఏడేళ్ళు, ఇరవై ఏళ్ళ దోస్తీ. నిరుడు ఫిబ్రవరిలో సర్కారు దవాఖాన వాళ్ళు బస్టాండ్ దగ్గర శిబిరం పెడితే, చాయ్ తాగడానికి పోతున్న ఇద్దరూ ఉత్తగనే కదా అని వేలు చాచారు. పరగడుపున రమ్మని మళ్ళీ పరీక్ష చేస్తే ఐలేశ్‌కు రెండు వందల ముప్పై, గఫార్‌కు రెండు వందల ఇరవై ఆరు. నాలుగు తక్కువ వచ్చినందుకు గఫార్ ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు. చాయ్ పైసలు కూడా తనే ఇచ్చాడు.

ఆ తర్వాత ఐలేశ్ చేసినదాంట్లో వింతేమీ లేదు. పొద్దున సెంటర్లో పూరీలు మాని ఇంట్లోనే పెసర గుగ్గిళ్ళు, ఒక గుడ్డు తినడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం మూడో వంతుకు తగ్గింది. ఖాళీ అయిన చోట భార్య కవిత సొరకాయో బీరకాయో తోటకూరో పెట్టింది. రాత్రి ఎనిమిది లోపల రెండు జొన్న రొట్టెలు, పప్పు. ఆరు చాయ్‌లు రెండయ్యాయి, చక్కెర పోయింది. బైకు ఇంట్లో పెట్టి పనికి సైకిల్ మీద పోయాడు. ఉపవాసాలు లేవు, ఒట్లు లేవు. వేళకు తిన్నాడు, మెతుకులు తగ్గించి కూర పెంచాడు. అదే పని రేపూ చేశాడు, ఎల్లుండీ చేశాడు.

ఆ ఎల్లుండి అనేదే గఫార్‌కు చేతకాలేదు. ఆయన ఫోన్లో వచ్చినవన్నీ నమ్మాడు. మెంతుల నీళ్ళు తాగాడు, నేరేడు గింజల పొడి మింగాడు. కాకరకాయ రసాన్ని మాత్రం ఒంటికి లంచం ఇస్తున్నట్టు తాగేవాడు. పొద్దున లంచం ముట్టింది కాబట్టి మధ్యాహ్నం బగారా అన్నం మీద దాల్చా పోసుకొని రెండోసారి పెట్టించుకున్నా ఒళ్ళు కేసు పెట్టదని ఆయన నమ్మకం.

"క్యా జీ, కాకరకాయ ఏమన్న వకీలా, అన్ని కేసులు గెలిపిస్తానికి?" అని సఫియా బేగం అడిగింది.

"నువ్వు ఇంకో గంటె వెయ్," అన్నాడు గఫార్.

మూడు నెలలకు ఐలేశ్ రెండు ప్యాంట్లు పట్టుకొని దుకాణానికి వచ్చాడు. "జారిపోతున్నయ్ భాయ్. బెల్టుకు కొత్త బొక్క కొట్టిన, అయినా ఆగుతలేవు." నలభై ఇంచుల నడుము ముప్పై ఎనిమిదిన్నర అయింది. గఫార్ కుట్టు విప్పి, మిగులు గుడ్డ కత్తిరించి కింద పడేశాడు. ఇంకో రెండు నెలలకు ముప్పై ఏడు. దసరా ముందు ముప్పై ఆరు. ప్రతిసారీ వేలెడు గుడ్డముక్క బల్ల కింద పడేది, ఊడ్చేటప్పుడు అది గఫార్ కంటికి అందరి ముక్కల్లోంచీ వేరుగా కనిపించేది.

ఐలేశ్ రెండు గదుల స్లాబు వేసుకున్నప్పుడు గఫార్‌కు కన్ను కుట్టలేదు. ఐలేశ్ కూతురు హర్షిణికి హన్మకొండలో నర్సింగు సీటు వచ్చినప్పుడు మిఠాయి తానే పంచాడు. ఇల్లూ సీటూ రాసిపెట్టి ఉంటే వస్తాయనుకోవచ్చు. ఈ నాలుగు ఇంచులకు మాత్రం అలాంటి సాకేదీ దొరకలేదు. ఇద్దరిదీ ఒకే రోగం, ఒకే చీటీ, ఒకే డాక్టరు. వాడు చేశాడు, తను చేయలేదు. కడుపులో మండటానికి అంతకన్నా ఏం కావాలి?

పైగా ఊరు ఊరుకోలేదు. సెప్టెంబర్ శిబిరంలో నర్సమ్మ ఐలేశ్‌ను లేపి నిలబెట్టి, తొమ్మిది కిలోలు తగ్గాడనీ బీపీ కూడా దారికొచ్చిందనీ చప్పట్లు కొట్టించింది. డాక్టరు అతని గోలీలు రెండింటి నుంచి ఒకటికి దించాడు. అదే కుర్చీలో పది నిమిషాల తర్వాత కూర్చున్న గఫార్‌కు రెండు మూడయ్యాయి. బయటికొస్తుంటే ఐలేశ్ భుజం మీద చెయ్యేశాడు. "రేపటి నుంచి మా ఇంట్లనే తిను భాయ్, కవిత నీకు సుత రొట్టెలు జేస్తది."

చెడ్డ మాట అన్నా గఫార్ ఓర్చుకునేవాడేమో. ఆ మంచి మాటకు రాత్రి నిద్ర పట్టలేదు.

దసరాకు ఐలేశ్ రెండు కొత్త ప్యాంట్లకు గుడ్డ తెచ్చాడు, వదులైన పాతవి మూడు కూడా బిగించమని ఇచ్చాడు. గఫార్ ముప్పై ఆరు అని పైకి చదివాడు, బుక్కులో ముప్పై ఆరు అనే రాశాడు. బల్ల మీద సుద్ద పట్టుకున్నప్పుడు చెయ్యి ముప్పై ఐదు దగ్గర గీత గీసింది. పొరపాటేమో అనుకోవడానికి వీల్లేదు, ఐదు ప్యాంట్లకూ అలాగే గీసింది.

సద్దుల బతుకమ్మ నాడు ఐలేశ్ వచ్చి తెర వెనక కొత్త ప్యాంటు తొడుక్కున్నాడు. కొక్కెం పడలేదు. ఊపిరి బిగబట్టినా పడలేదు.

"ఏంది భాయ్ గిది? పోయినవారమే గదా కొలిచింది."

"నడుమ తొమ్మిది దినాలు బతుకమ్మ ఆడిండ్రు గదరా. తిన్న సత్తు ముద్దలు, మలీద ఎటు పోతయ్?"

"ఒక్కటో రెండో తిన్న, గంతే."

"ఒక్కటా రెండా అని నడుము లెక్కవెట్టదు ఐలేశ్," అని గఫార్ మెల్లగా అన్నాడు. ఆ మెల్లదనం తనకే ముద్దొచ్చింది.

"జర టేపు పెట్టి చూడు."

ఇక్కడే గఫార్ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. టేపు కొనను ఒక ఇంచు లోపలికి మడిచి బొటనవేలి కింద దాచి, రెండో చేత్తో చుట్టి తెచ్చాడు. "ముప్పై ఏడు," అన్నాడు. కత్తెర పట్టిన నాటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి దొంగ కొలత అది. ఐలేశ్ మొహం పడిపోయింది. కిరాణా దుకాణం కాంటా మీద నిలబడితే బరువు పెరగలేదని ఆ సాయంత్రమే తెలిసింది, అయినా అతను కాంటాను నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా తనకు బట్టలు కుట్టిన మనిషి టేపును నమ్మాడు.

గఫార్‌కు ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది. దసరా నాడు ఐలేశ్ పాత లూజు చొక్కా బయటికి వదిలి, కొక్కెం పెట్టకుండా బెల్టు బిగించుకొని జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చాడు. గఫార్ అతణ్ణి కావలించుకున్నాడు, కావలించుకుంటూ ఆ బెల్టు వైపే చూశాడు.

ఎనిమిది నెలలు బుద్ధిగా నడిచిన మనిషి ఆ ఇంచుకు బెదిరిపోయి, అంతవరకూ చేయని పని చేశాడు. రాత్రి రొట్టెలు మానేశాడు. మూడు రోజుల తర్వాత పొద్దున గుగ్గిళ్ళు కూడా మానేశాడు. తిండి తగ్గించడం వేరు, తిండి ఎగ్గొట్టడం వేరు. మొదటిదానితో అతని రోగం లొంగింది. రెండోదానితో పాటు, తిన్నాక వేసుకొమ్మన్న గోలీని ఖాళీ కడుపు మీద వేసుకున్నాడు. ఆరో రోజు పదకొండు గంటలకు ఒక కొత్త ఇంట్లో సజ్జ కింద రంగు వేస్తూ, చెమటలు పట్టి, చేతులు వణికి, నిచ్చెన నాలుగో మెట్టు మీది నుంచి పడ్డాడు. మోచెయ్యి విరిగింది. కూలీలు దగ్గరున్న ప్రైవేటు దవాఖానకు మోసుకుపోయి, అతని ఫోన్లో పైనే ఉన్న నంబరుకు కొట్టారు. అది గఫార్‌ది.

గఫార్ పోయేసరికి ఒక చేతికి కట్టు, రెండో చేతికి గ్లూకోజు సీసా. తెచ్చినప్పుడు షుగరు నలభై ఎనిమిది ఉందట. డాక్టరమ్మ అప్పటికే వచ్చిన కవితను నిలబెట్టి కోప్పడుతోంది. "గోలీ వేసి అన్నం పెట్టకుంటే మనిషి పోతడమ్మా. ఎవరు చెప్పిన్రు ఉపాసముండుమని?"

కవిత గఫార్‌ను చూసి వరండాలోకి వచ్చింది. "నువ్వన్న చెప్పన్నా. నడుం పెరిగింది, నడుం పెరిగింది అని ఒక్కటే పాట. నేనేడ్చినా తినలే. నీ మాటంటే వినేటోడు."

బిల్లు తొమ్మిది వేలు. ఆమె దగ్గర ఐదున్నాయి. మిగతా నాలుగు ఆమె అడగకముందే గఫార్ జేబులోంచి తీశాడు. ఆ తొందర చూసి కవిత కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "నెలకు ఐదు వందల చొప్పున తెచ్చిస్తనన్నా, నువ్వు లేకుంటే ఏమైతుండె."

సాయంత్రం దుకాణం షట్టరు సగం దించి గఫార్ టేపు తీశాడు. నలభై నాలుగు. కొన మడవకుండా ఇంకోసారి చూశాడు, నలభై నాలుగే. ఇంటికి పోయి సఫియాకు చెప్పాడు.

"నాకు పదేళ్ళ కింద్నే తెలుసు. నాడాలు కొనేది నేనే గద," అందామె.

మర్నాటి నుంచి ఆయన పళ్ళెంలో అన్నం తగ్గింది. పశ్చాత్తాపం మనిషిని మారుస్తుందని చెప్పుకుంటే వినసొంపుగానే ఉంటుంది. గఫార్‌ను మార్చింది భయం. గోలీలు మింగే మనిషి ఒక మెట్టు మీది నుంచి రాలి దవాఖాన మంచం ఎలా ఎక్కుతాడో కళ్ళారా చూశాడు. ఐలేశ్ తిన్నవే తిన్నాడు, ఐలేశ్ తిన్న వేళకే తిన్నాడు, తింటూ అతని మీద కుళ్ళుకుంటూనే ఉన్నాడు. రెండున్నర నెలలకు ఒకటిన్నర ఇంచు తగ్గింది. పరగడుపు షుగరు నూట డెబ్బై దగ్గరికి దిగింది. కుళ్ళుబోతుకైనా సొరకాయ పని సొరకాయ చేస్తుంది.

జనవరిలో, కట్టు విప్పించుకున్న వారానికి, ఐలేశ్ ఆ ఐదు ప్యాంట్లూ సంచిలో వేసుకొని వచ్చాడు. కవిత అప్పటికి మూడుసార్లు ఐదు వందలు తెచ్చి ఇచ్చింది.

"వదులు చెయ్ భాయ్. నాతోని ఇంక కాదు. డాక్టరమ్మ చెప్పినట్టు వేళకు తింటున్న, పెరిగితే పెరగనీ."

గఫార్ ఒక ప్యాంటు తిరగేశాడు. లోపల కుట్టులో ఇంచు గుడ్డ మడతపడి ఉంది. విప్పి ఇచ్చేస్తే పని అయిపోతుంది, ఈ జన్మలో ఎవరికీ తెలియదు. బ్లేడు తీసి, కుట్టులో దించకుండానే బల్ల మీద పెట్టేశాడు.

"నీ నడుము పెరగలే ఐలేశ్. నేనే ముప్పై ఐదు కుట్టిన. టేపు సుత మడిచి పట్టిన."

ఐలేశ్‌కు మొదట అర్థం కాలేదు. గఫార్ టేపు మడిచి చూపించాడు. ఐలేశ్ విరిగి అతికిన చేత్తో ఆ టేపు తీసుకొని, కొన విప్పి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు?"

"నీది తగ్గుతుంటే నాకు మంట లేచింది."

"మరి గట్ల చేస్తే నీ షుగరేమన్న తగ్గిందా?"

"లేదు. అప్పుడు ఇంకింత పెరిగింది."

ఐలేశ్‌కు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. స్టూలు జరుపుకొని కూర్చున్నాడు. "విప్పు. నా ముందట్నే విప్పు, ఐదూ."

గఫార్ ఐదూ విప్పి, ముప్పై ఆరుకు కుట్టేసరికి మధ్యాహ్నం రెండయింది. ఒంటిగంటకు ఐలేశ్ డబ్బా విప్పి తిన్నాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి రమ్మని పిలవలేదు.

ఐలేశ్ లేచేటప్పుడు గఫార్ అన్నాడు, "చెల్లెకు చెప్పు ఐలేశ్, ఆ పైసలు ఇంక తేవద్దని. వచ్చినయి సుత వాపస్ ఇస్త."

"వద్దు. నువ్వు మాఫ్ చేస్తే నీ కడుపుల బరువు దిగుతది. నాకేమొస్తది? తీసుకున్నం, ఇస్తం. కవితకు మాత్రం ఇది చెప్పకు. నిన్ను అన్న అన్న అంటది పిచ్చిది."

సంచి భుజాన వేసుకొని పోయాడు. ఫిబ్రవరి ఒకటో తారీఖున కవిత వచ్చి, సఫియా అక్క బాగుందా అని అడిగి, ఐదు వందల నోటు బల్ల మీద పెట్టింది. గఫార్ తీసుకున్నాడు. ఇంకా రెండు వేలు రావాలి.