గోడకు ఆనించిన చెంప

తడి ఎక్కడుందో కనిపెట్టడానికి లీకు మేస్త్రి గోడకు చెంప ఆనిస్తాడు.

చేత్తో తడిమితే చాలదా అని అడిగినవాళ్లకు, "చేతులు సిమెంటు తిని మొద్దుబారాయండీ. చెంప అలా కాదు, ఇట్టే చెప్పేస్తుంది" అంటాడు. మేడ కారినా, స్నానాలగది గోడ ఉబ్బినా, కిటికీ పక్కన సున్నం పెచ్చులూడినా జనం అతన్నే పిలుస్తారు. అతను వచ్చి, సంచీ కింద పెట్టి, కళ్లు మూసుకుని గోడకు చెంప ఆనించి నిలబడతాడు. ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "గోడతో గుసగుసలా మేస్త్రీ?" అని వేళాకోళం చేస్తారు. అతనూ నవ్వేస్తాడు. అసలు సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు. చల్లటి గోడ చెంపకు తగలగానే, అవతలి వైపు నుంచి ఇంకో చెంప వచ్చి ఆనినట్టు ఉంటుంది అతనికి.

అది అక్క చెంప.

చిన్నప్పుడు అక్క అలాగే నిలబడేది. దవడ పన్ను సలుపుతుంటే, వంటగది వెనక చెమ్మ పట్టిన గోడకు చెంప ఆనించి సన్నగా మూలిగేది. వినేవాళ్లకు కూనిరాగంలా ఉండేది. బజారు మూల పెట్టె పెట్టుకుని పళ్లు బాగుచేసే ఒకాయన ఆ పంటి గుంతలో తెల్లటి ముద్దేదో కూరి, నున్నగా అదిమి పంపాడు. నొప్పి తగ్గిందని ఆ సాయంత్రం అక్క వీధిలో ఆడుకుంది కూడా. తర్వాత దవడ వాచింది. కన్ను మూసుకుపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఒళ్లు కాలిపోతోంది. అక్క మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటికి చిన్నవాడైన తమ్ముడికి బుర్రకెక్కింది ఒక్కటే. లోపల కుళ్లు ఉండగానే పైన మూసేశారు.

ఆ ఒక్క సంగతీ పట్టుకునే అతను ఇంత మేస్త్రి అయ్యాడనాలి. ఆరని గోడకు చచ్చినా పూత వేయడు. అనుమానమున్న చోట పాలిథిన్ ముక్క పరిచి, చుట్టూ టేపు అంటించి వెళ్లిపోతాడు. మర్నాడు ఆ ముక్క లోపల చెమట పట్టి ఉందంటే, ఇంటాయన గడ్డం పట్టుకుని బతిమాలినా బ్రష్షు ముట్టుకోడు. "లోపలి తడిని మూసిపెడితే ఊరుకుంటుందాండీ? గోడని లోపల్నుంచే తినేస్తుంది" అంటాడు.

అలాంటి మనిషి కూతురు చదివే బడికి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. పిల్లలందరి నోళ్లూ చూసి, ఈ పిల్లకు అన్నిటికన్నా వెనక కొత్త దవడ పళ్లు వచ్చాయనీ, వాటి మీది గీతలు మరీ లోతుగా ఉన్నాయనీ, తిండి ఇరుక్కుని పుచ్చకముందే సీలెంట్ పూయించమనీ తల్లితో చెప్పింది. తల్లి బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పిల్లను ఇంటాబయటా అందరూ పిడుగనే పిలుస్తారు.

"సీలెంటా?" అన్నాడు మేస్త్రి, తన డబ్బాల మీద ఉండే మాట పిల్ల నోటి గురించి వినపడేసరికి.

"నీ డబ్బాలోది కాదులే, కంగారు పడకు. సన్నటి పూతట. సూది ఉండదు, నొప్పి ఉండదు."

"పుచ్చిందా ఏంటి?"

"పుచ్చలేదు. పుచ్చకుండానే పూస్తారట."

"పుచ్చనిదానికి తొందరేంటి? చూద్దాంలే."

ఆ చూద్దాం అలా సాగుతూనే పోయింది. ఆమె ఊరుకునే మనిషి కాదు. కుట్టుమిషన్ ఆపి మరీ చురక అంటించేది. "ఏమయ్యా, వానలు పడకముందే మేడకి పూత వేయించుకోండని ఊరందరినీ ఊదరగొడతావు. కూతురి పన్ను దగ్గరికొచ్చేసరికి వానొచ్చాక చూద్దామంటావేం?"

అతని భయం వేరు. ఆ గీతల అడుగున కంటికి ఆనని కుళ్లు ఏదైనా ఉండిపోతే? పిడుగు పడీపడీ నవ్వినా, ఆవులించినా అతని చూపు నోటి వెనకున్న చీకట్లోకే పోయేది. పైగా పిల్ల పెరిగేకొద్దీ అక్క పోలికే పడుతోంది. అదే నుదురు, నవ్వితే ఒకవైపు లాగే అదే పెదవి. ఒక్కోసారి పిల్లను పిలవబోయి నోటిదాకా వచ్చిన "అక్కా" అనే మాటను మింగేసేవాడు.

ఒక మధ్యాహ్నం పని తొందరగా ముగించుకుని ఇంటికి వచ్చాడు. లోపలి గదిలో మంచం పక్కన గోడ మీద ఒక చెమ్మ మరక ఉంది. లీకు మేస్త్రి ఇంట్లో లీకని వీధంతా నవ్వుకునే మరక అది. ఎందుకోగాని అతను దాని జోలికి పోలేదు. ఇంతకుముందు అద్దెకున్న ఇళ్లల్లోనూ ఎక్కడో ఒకచోట, చిన్నపిల్ల చెంప ఎత్తులో, ఇలాంటిది ఒకటి కనపడుతూనే వచ్చింది. ఇప్పుడా మరకకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని, సన్నగా కూనిరాగం తీస్తూ ఒక ఆడపిల్ల నిలబడి ఉంది.

సంచీ చేతిలోంచి జారిపోయింది. తాపీ గచ్చు మీద ఖంగున మోగింది.

"ఎక్కడమ్మా నొప్పి? ఎప్పట్నుంచి? ఏదీ, నోరు తెరు!"

"నొప్పేంటి నాన్నా?" అంది పిడుగు కళ్లు తెరిచి. "నీలాగే చూస్తున్నా. ఇక్కడ తడుంది." మళ్లీ చెంప ఆనించింది. "లోపల ఎవరో ఉన్నారు నాన్నా. ఊపిరి తీస్తున్నట్టుంది."

"పక్కింటి పైపే అది" అన్నాడు. పిల్లను గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, చాలాసేపు ఆ చెంపనే అరచేత్తో రుద్దుతూ కూర్చున్నాడు.

రాత్రి అందరూ తింటుండగా భార్య మళ్లీ పళ్ల మాట ఎత్తింది. మధ్యాహ్నం భయం ఇంకా ఒంట్లోనే ఉందేమో, అతను కసురుకున్నాడు.

"అబ్బ, పాలపళ్లే కదే! ఎలాగూ ఊడిపోతాయి. ఊడిపోయే పళ్లకి ఇంత హంగామానా?"

ఎదురుగా తింటున్న అతని తల్లి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. ఆవిడకు సరిగా వినపడదని ఇంట్లో అందరికీ నమ్మకం.

"ఏమన్నావురా?"

"ఏం లేదమ్మా. తిను."

"ఆ మాట నాది" అంది ఆవిడ. "మీ అక్క నొప్పంటే నేనన్న మాటే అది. పాలపన్నే కదే, ఊడిపోతుందిలే, ఓర్చుకో అన్నాను. అన్నిటికన్నా వెనకాల వచ్చిందిరా ఆ పన్ను. ఏ పన్నూ ఊడకుండానే దానంతటది వచ్చింది. ఎప్పటికీ ఉండే పన్నని నాకేం తెలుసు? ఆసుపత్రిలో చెప్పారు, అంతా అయ్యాక."

ఆవిడ కంచం పక్కకు జరిపింది.

"ఆ బజారాయన్ని నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకోనీలే అనుకున్నాను. ఆయన మూసేనాటికే లోపలంతా అయిపోయిందిరా. గుంత పడకముందు మూసేవాళ్లు ఎవరున్నారు అప్పట్లో?"

పిడుగు వేలు నోట్లో పెట్టి, చివరి పన్నును తడిమి చూసుకుంది. "నానమ్మా, ఇది కూడా ఎప్పటికీ ఉండేదేనా?"

"అవునే తల్లీ" అంది ఆవిడ. ఆ తర్వాత ముద్ద ఎత్తలేదు.

మర్నాడు అతను పనికి వెళ్లకుండా పిల్లను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. పిల్లను కుర్చీలో పడుకోబెట్టకముందే అడిగేశాడు. "మేడమ్, ఆరకుండా పూస్తే?"

"అంటుకోదండీ. అందుకే బాగా ఆరబెడతాం."

"లోపల కుళ్లుంటే?"

"గుంత పడి ఉంటే పూత వేయను, ముందు దాన్ని బాగుచేస్తాను. ఇప్పుడే మొదలైనదేదైనా కంటికి కనపడకుండా ఉండిపోయిందనుకోండి, మూసేశాక దానికి తిండి అందదు. సాధారణంగా అక్కడే ఆగిపోతుంది."

"గోడ అలా ఆగదు మేడమ్."

డాక్టరమ్మ చేతులకు గ్లవ్స్ తొడుక్కుంది. "గోడకి నీళ్లు వెనకనుంచి వస్తాయి కదండీ. ఈ పంటికి చెడు పైనుంచి వస్తుంది. అప్పుడప్పుడూ తీసుకొచ్చి చూపిస్తూ ఉండండి. ఎక్కడైనా లేచిపోతే మళ్లీ వేస్తాను."

"మా పనీ అంతేలెండి" అన్నాడు మేస్త్రి. అని, పక్కకు జరిగి దారిచ్చాడు.

డాక్టరమ్మ చిన్న బ్రష్షుతో పళ్లు తోమింది. జెల్ రాసి, కడిగి, దూది పెట్టి, గాలి ఊదింది. "ఇంకాస్త ఆరనివ్వండి" అన్నాడు అతను ఉండబట్టలేక. డాక్టరమ్మ నవ్వి, "సరే మేస్త్రీ" అని ఇంకాస్త ఊదింది. పూత పూసి, అది గట్టిపడేందుకు నీలం లైటు వేసింది. ఆ వెలుగులో కళ్లు మూసుకుని, నోరు తెరిచి పడుకున్నది అతని కంటికి పిడుగు కాదు. అతను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నోరు మూయకు, ఇంకొంచెం ఓర్చుకో, అయిపోతోంది, అని గొంతులోనే అనుకున్నాడు. ఎవరితోనన్నది అతనికే తెలియదు.

లైటు ఆరింది. "ఇంతేనా?" అంది పిడుగు నిరాశగా. "దీనికా నువ్వు అంత భయపడ్డావు?"

ఇంటికి వచ్చాక పిల్ల పళ్లు టకటకలాడిస్తూ వీధంతా తిరిగి అందరికీ నోరు తెరిచి చూపించింది. మేస్త్రి లోపలి గదిలోకి వెళ్లి, ఆ మరక మీద పాలిథిన్ ముక్క పరిచి, చుట్టూ టేపు అంటించాడు. అన్నాళ్లుగా వెయ్యని ముక్క అది.

తెల్లారేసరికి పిడుగే ముందు లేచి చూసింది. "నాన్నా, చెమట పట్టింది."

పాలిథిన్ లోపల సన్నటి నీటి బొట్లు, గుండ్రంగా, చిన్నపిల్ల చెంపంత మేర. రాత్రంతా ఎవరో అక్కడ తల ఆనించి పడుకుని ఇప్పుడే లేచి వెళ్లినట్టున్నాయి.

"పక్కింటివాళ్లకి చెప్పి ఆ పైపు బాగుచేయించరాదూ?" అంది భార్య మిషన్ దగ్గర్నుంచి.

"చెప్తాను" అన్నాడు. టేపు పీకి, ఆ తడికి మెల్లగా చెంప ఆనించాడు.

పక్క గదిలోంచి తల్లి గొంతు వినిపించింది. "ఆరిందారా?"

"ఇంకా లేదమ్మా."