గుమ్మటం బద్దలు

పోయిన ఆదివారం సుబేదారిలో మా బిడ్డ ఇంటికి పోయినప్పుడు, డిగ్రీ చదివే మనవరాలు ఫోన్‌లో ఏదో బొమ్మల పాఠం చూస్తూ, కణం పొర ఎట్లా వంగుతుందో చూడు తాతా అని, కళ్ళజోడు తెచ్చి మరీ నా ముక్కు మీద పెట్టింది. చూద్దును కదా, నూనె తెట్టులాంటి పల్చని పొర. దాని లోపలివైపు, అరటికాయల్లా వంకర తిరిగిన ప్రోటీన్లు ఒక్కొక్కటే వచ్చి పక్కపక్కన అతుక్కుంటున్నాయి. అవి అతుక్కున్నకొద్దీ చదునుగా ఉన్న పొర వాటి వంపునే తన వంపు చేసుకుని గుంట పడింది, గిన్నె అయింది, చివరకు మెడ దగ్గర ఇంకో ప్రోటీను తాడులా చుట్టుకుని బిగిస్తే చిన్న సంచీలా తెగి లోపలికి పోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది అచ్చం మా నాయన వెదురు బద్దలు చేసిన పని. ఆ బద్దలకు బహుమతి ఇవ్వలేదన్న కోపం నాకు ఇన్నేళ్ళయినా చల్లారలేదు మరి.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బయ్యవ దశకంలో హనుమకొండలో పెళ్ళంటే వీధికి అడ్డంగా షామియానా లేవాల్సిందే. మాకు అట్లాంటి టెంటు సామాన్ల దుకాణం ఉండేది. నాయన గుడ్డలు కుట్టేవాడు, బడి మధ్యలో మానేసిన నేను గుంజలు పాతి తాళ్ళు కట్టేవాణ్ణి. ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది చెల్లె ఒక్కతే, జంతుశాస్త్రం తీసుకుంది. అది చదివి పక్కన పెట్టిన పుస్తకాలను గిరాకీ లేని పూట నేను దుకాణంలో కూర్చుని చదివేవాణ్ణి. నాకు వచ్చిన సైన్సంతా అట్లా వచ్చిందే, అందుకే డిగ్రీ లేనివాడివి నీకేం తెలుసని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాలేజీలో తోటి పిల్లలు చెల్లెను షామియానా అని పిలిచేవారట. క్లాసులో లేపి అడిగితే దానికి నోరు పెగిలేది కాదు, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకునేది. సైన్సు ప్రదర్శనకు అప్పటికే పేరిచ్చింది గనుక అదొక్కటి చేసి చదువు బంద్ చేస్తానని ఒకనాడు తేల్చి చెప్పింది. నాయన పెద్దగా బాధపడలేదు, దుకాణంలో రెండో కుట్టుమిషను ఖాళీగానే ఉంది కదా అన్నాడు. బాధంతా నాదే. అది చదువు మానేస్తే నా చదువు కూడా రెండోసారి ఆగిపోయినట్టే.

కణం బయటి పదార్థాన్ని పొరతో చుట్టి లోపలికి తీసుకోవడం, అదీ చెల్లె ఎంచుకున్న నమూనా. చెక్క చట్రానికి పాత షామియానా గుడ్డ బిగించి, పైన రబ్బరు బంతి పెట్టాము. బంతి గుడ్డలోకి దిగి మాయం కావాలి. టెంట్లవాళ్ళం కదా, గుడ్డతో ఏ పని పడినా మాకు ముందు తాడే తోస్తుంది. గుడ్డ కింద తాడు కట్టి గుంజాము. గుండ్రంగా గుంట పడాల్సింది పోయి, తలకిందులు చేసిన డేరాలాగా మొన తేలింది, బంతి దాని మూతి దగ్గరే ఇరుక్కుంది. ఇంకో నాలుగు తాళ్ళు కడితే ఇంకో నాలుగు మొనలు తేలాయి. చెల్లె తాడు చేతిలో పట్టుకుని కింద కూలబడింది. అప్పటిదాకా మాకేసి చూడనట్టే మిషను తొక్కుతున్న నాయన, చదువు సంగతేమో గాని, గుడ్డ అట్లా పాడు కావడం చూసి ఓర్వలేకపోయాడు.

“గుంజితె మొనే తేల్తదిరా. మన గుమ్మటం గుంజి చేస్తున్నమా?”

పెళ్ళిపందిరి గుమ్మటానికి ఏం చేస్తామో మాకు తెలియక కాదు, కాలేజీ పని కదా అని మా పని మరిచిపోయాము. వెదురు బద్దలను నిప్పుల సెగ మీద కాచి, సగం గాజులా వంచి, గుడ్డకు సన్నని గొట్టాల్లా మడతలు కుట్టి వాటిలోకి దూరుస్తారు. నాయన ఆ మధ్యాహ్నం తిండి మాని బద్దలు వంచాడు, చెల్లె మడతలు కుట్టింది. బద్దలు పక్కపక్కన పడగానే ఎవరూ గుంజకుండానే గుడ్డ గిన్నెలా కిందికి దిగింది, బంతి అందులో జారింది, మూతి చుట్టూ ఎక్కించిన నాడా లాగితే సంచీలా ముడుచుకుపోయింది. చెల్లె మూతి తెరిచి, బంతి తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ నాడా లాగింది. నాయన మాత్రం నవ్వకుండా, ఆ ఎడమ బద్ద ఇంకా జర కాగాల్సి ఉండె అన్నాడు.

ప్రదర్శన నాడు జనం మా బల్ల దగ్గరే మూగారు. పరీక్షించడానికి వచ్చిన సారు చట్రం కిందికి వంగి బద్దలు చూసి, మరి అసలు పొరలో ఈ బద్దల పని ఎవరు చేస్తారమ్మా అని అడిగాడు. చెల్లెకు తెలియదు. పుస్తకంలో లేదు, నాకూ తెలియదు అని చెప్పి, ఆయన ఏదో రాసుకుని పోయాడు. బహుమతి పక్క బల్ల మీద ఎవరో మైనంతో చేసి పెట్టిన గుండె నమూనాకు వచ్చింది. నేను చట్రం నెత్తిన పెట్టుకుని దారంతా ఆయన్ను తిట్టుకుంటూ నడిచాను. మరునాడు పొద్దున చెల్లె జడ వేసుకుని కాలేజీకి పోతుంటే, పంతం పట్టి పోతుందనుకున్నాను. ఎందుకని అడగలేదు, అడిగితే ఆగిపోతుందేమోనని భయం. ఆ తరువాత అది సైన్సు టీచరయింది, రైల్వేలో పనిచేసే బావతో డోర్నకల్‌లో కాపురం పెట్టింది, అక్కడే రిటైరయింది.

ఫోన్‌లో ఆ పాఠం చూసిన వెంటనే డోర్నకల్‌కు ఫోన్ కలిపించి, మనం ఎప్పుడో కనిపెట్టినదాన్ని ఇప్పుడు చూపిస్తున్నారు, ఆ సారును లేపి అడగాలి అని కేకలేశాను. చెల్లె నన్ను పూర్తిగా అరవనిచ్చి, అప్పుడు అన్నది.

“మనం కనిపెట్టింది ఏం లేదన్నా. మనకు గుడ్డ వంగలే, బద్దలు పెట్టినం. ఆ సారు అడిగింది నాకు తెల్వకపాయె, ఆయనకూ తెల్వదనె. సారుకే తెల్వదన్నంక నాకేం సిగ్గు? గందుకే తెల్లారి కాలేజీకి పోయిన.”

ఇన్నేళ్ళు నేను తిట్టుకున్న మనిషే దాన్ని కాలేజీలో నిలబెట్టాడన్నమాట. అయినా బహుమతి ఇవ్వాల్సిందే అన్నాను. చెల్లె నవ్వింది, చాలాసేపు నవ్వింది, నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

ఇప్పుడు గుమ్మటాలు ఇనుప పైపుల మీద లేస్తున్నాయి, సెగ మీద బద్ద కాచేవాళ్ళు నాకు తెలిసి ఈ ఊళ్ళో లేరు. జవాబులు కూడా అట్లాగే, అడగకముందే అరచేతిలోకి వచ్చి పడుతున్నాయి. అది తప్పని అనను, నా జవాబూ ఆ ఫోన్‌లోనే దొరికింది. కానీ తెలియదని పెద్దవాళ్ళు చెప్పడం, ఆ మాట పట్టుకుని ఒక పిల్ల ఏళ్ళ తరబడి నడవడం ఇప్పుడు ఎక్కడ కనబడుతుంది? ఫోన్ పెట్టేశాక మనవరాలిని దగ్గరికి పిలిచి, బద్దలను మా నాయన నిప్పు మీద వంచాడు, మరి ఈ ప్రోటీన్లను వంచిందెవరే అని అడిగాను. అది ఫోన్ తీయబోయి, ఆగి, దాన్ని పక్కన బోర్లా పెట్టి ఆలోచనలో పడింది. నేను తొందర పెట్టలేదు.