గోడకు కొట్టిన పిడక

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఎంత కష్టమైన సంగతినైనా ఒక్క ఉపమానంతో ఎవరికైనా ఎక్కించగలనని నాకు గట్టి నమ్మకం. కోదాడ నుంచి రోజూ బస్సులో సూర్యాపేట వెళ్లి, ఒక సంతాన సాఫల్య కేంద్రంలో పనిచేసేదాన్ని. డాక్టరమ్మ పిండాన్ని గర్భసంచిలో పెట్టాక, ఇంటికి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం నా వంతు. (ఎవరూ అడగని సైన్సు కూడా చెప్పేదాన్ని.)

ఒకరోజు మోతె వైపు నుంచి గొర్రెలు కాసుకునే కుటుంబం వచ్చింది. కోడలు నోరు విప్పదు, అత్త నోరు మూయదు. అంతకుముందు ఒకసారి పిండం నిలవలేదు. ఈసారీ నిలవకపోతే మళ్లీ వచ్చే శక్తి లేదని ముందే చెప్పారు. "పెట్టినంక అదెట్ల నిలుస్తది బిడ్డా?" అంది అత్త. గర్భసంచి లోపలి పొరలో, కణాల చుట్టూ ఫైబ్రోనెక్టిన్, లామినిన్ అనే ప్రోటీన్లు వలలా అల్లుకుని ఉంటాయనీ, పిండం వాటిని పట్టుకుని అతుక్కుంటుందనీ చెప్పాను. ఆమె ముఖం చూసి ఉపమానం బయటికి తీశాను. "గోడకు పిడక కొడితే అంటుకుంటుంది చూడమ్మా, అలాగే." అత్త ముఖం వెలిగింది. నా ముఖం అంతకంటే వెలిగింది.

రెండు రోజులు తిరక్కుండానే ఫోను. "పిడక ఎండితే ఊడుతది గద బిడ్డా. అందుకే పిల్లను ఎండకు రానిస్తలేను. చెంబులకొద్ది మజ్జిగ తాపుతున్న. కడుపు మీద తడిగుడ్డ ఏసిన." వెనకాల కోడలు తుమ్మింది. నేను కంగారుపడి, పిడక కాదమ్మా, నాటిన నారులాగా ఆ ప్రోటీన్ల అల్లికను చీల్చుకుంటూ లోపలికి వేళ్లు దించుతుందన్నాను. (శాస్త్రం ప్రకారం ఇది పిడక కంటే చాలా నయం.) "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నీళ్లెక్కువైతే నారు కుళ్లిపోదా?" అంది అత్త. మర్నాడు మళ్లీ ఫోను. మజ్జిగ బంద్ అట, నోరెండుతోందంటున్న కోడలికి ఎన్ని గుక్కలు పోయొచ్చని ప్రశ్న. పక్కనున్న డాక్టరమ్మ ఫోను లాక్కుని, "తిననియ్యి, తాగనియ్యి, తిరగనియ్యి" అని చెప్పి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పిండం నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష రోజు నాకు నిజంగానే భయమేసింది. నిలవకపోతే అత్త ఎవర్ని తిడుతుందో తెలియదు కానీ, నన్ను నేను మాత్రం వదిలిపెట్టను. నిలిచింది. అత్త నా గడ్డం పట్టుకుని ఏడ్చేసింది. కోడలు నన్ను పక్కకు పిలిచి మొదటిసారి నోరు విప్పింది. "మేడం, మీ కాళ్లు మొక్కుత. కాన్పయ్యేదాక మా అత్తకు ఇంకేం చెప్పకుండ్రి."

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు, పొల్లుపోకుండా చెబుతాను. అందరూ బుద్ధిగా విని వెళ్లిపోతారు. ఫోను చేసి నాతో వాదించేవాళ్లే లేరు. ఉపమానాలు చెప్పిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం బెంగగానూ ఉంటుంది.