నింద తెచ్చిన సీసాలోనే శుభవార్త

సహోదరులారా, సహోదరీలారా, కండబలం పెంచే మందు వేసుకుని బరువులెత్తిందని నలుగురూ నన్ను వేలెత్తి చూపిన రోజుల్లో నుంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పుకోవాలని ఈ ఉదయం మీ ముందు నిలబడ్డాను.

నా పేరు కెజియా. మాది అద్దంకి దగ్గర పల్లె, అమ్మానాన్నలు మిరపకోతలకీ పత్తి తీయడానికీ వెళ్లేవాళ్లు, నేను మాత్రం బడిలో ఉండగానే వెయిట్‌లిఫ్టింగ్‌లో పడ్డాను, ఆ ఆటే నాకు ఉద్యోగం ఇచ్చింది. పెళ్లయ్యాక నల్లపాడులో కాపురం పెట్టాం. మా ఆయన దానియేలు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తారు, మా అత్తయ్య రాహేలమ్మ గారు మాతోనే ఉంటారు. పెళ్లయి చాలా ఏళ్లయినా మాకు పిల్లలు లేరు, ఇక ఆశ పెట్టుకోవద్దని గుంటూరులో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, ఆ బాధనంతా ఆ ఇనుప కడ్డీ మీద పెట్టి ఎత్తేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద పోటీలో దేవుడు నాకు బంగారు పతకం ఇచ్చాడు. గెలిచినవాళ్లందరికీ చేసినట్టే, మందులేమైనా వాడానేమో పరీక్షించడానికి నా మూత్రం రెండు సీసాల్లో తీసుకుని నా ఎదుటే సీలు వేశారు. నాకు భయమేముంది, నవ్వుకుంటూ సంతకం పెట్టి వచ్చాను. కొన్ని వారాలకు మా కోచ్ వెంకట్రావు గారు ఫోన్ చేశారు.

"కెజియా, నీ శాంపిల్లో నాండ్రోలోన్ జాడ ఉందంటున్నారమ్మా. కండ పెరగడానికి వాడే స్టెరాయిడ్ అది. ఏమైనా వేసుకున్నావా?"

"లేదు సార్. తలనొప్పి మాత్ర కూడా మిమ్మల్ని అడక్కుండా వేసుకోను కదండీ," అన్నాను.

ఆయన నమ్మారు గానీ ఊరు నమ్మలేదు. నన్ను ఆట నుంచి ఆపేశారు, ఆఫీసులో నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి, నా దగ్గర బరువులెత్తడం నేర్చుకునే ఆడపిల్లలను వాళ్ల అమ్మలు మాన్పించేశారు. అన్నిటికంటే నన్ను కుంగదీసింది మా ఆయన అడిగిన మాట.

"నిజం చెప్పు కెజియా. ఎవరైనా పౌడరేదైనా ఇస్తే తాగావా?"

వంటగదిలోంచి అత్తయ్యే అరిచారు. "ఏరా, దాని మొహం చూసి ఆ మాట ఎట్టా అడిగావురా? ఆ పిల్ల అబద్ధమాడటం నేనెప్పుడన్నా చూశానా?"

అన్నం సయించడం మానేసింది, మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన నాకు మా ఆయన చొక్కాకు అంటిన మిర్చి ఘాటు తగిలితే చాలు కడుపులో తిప్పేది, దిగులు వల్లేనని అత్తయ్యా నేనూ అనుకున్నాం. నెల సరిగా రాకపోవడం కూడా నాకు కొత్త కాదు, సాధన ఎక్కువైనప్పుడల్లా అలాగే జరిగేది. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని మోకాళ్ల మీద పడి ఏడుస్తూ ప్రార్థించాను. "ప్రభువా, నా మాట ఎవరూ నమ్మడం లేదు. నా ఒంట్లో ఏముందో నువ్వే కదా ఎరుగుదువు. అదేమిటో నువ్వే బయటపెట్టు తండ్రీ." నేనేం అడుగుతున్నానో నాకే తెలియదు సహోదరులారా, ఆయనకు తెలుసు.

రెండో సీసా కూడా తెరిచి చూడమని అడిగే హక్కు మనకుందని వెంకట్రావు గారు చెప్పారు. ఆయనా, మా ఆయనా, నేనూ రైలెక్కి ఆ సీసాలున్న ల్యాబుకు వెళ్లాం. నా ఎదుటే సీలు తీశారు. పరీక్ష చేసి చూస్తే మళ్లీ అదే పదార్థం. అప్పుడు అక్కడి సైంటిస్టు మేడమ్ నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"మందు ఒంట్లోకి పోయాక అలాగే బయటికి రాదమ్మా, కాలేయం దాని రూపం మార్చేస్తుంది. ఆ మారిన రూపాలనే మేము మూత్రంలో వెతుకుతాం. మా యంత్రం ఒక్కోదాన్నీ వేరు చేసి, ముక్కలు చేసి, ఆ ముక్కల బరువును బట్టి అదేమిటో చెబుతుంది. మీ దాంట్లో దొరికింది అదే, అందులో అనుమానం లేదు. కానీ చాలా కొద్దిగా ఉంది." ఆ వెంటనే అడిగారు. "మీకు పెళ్లయిందా? నెల తప్పారా?"

"అయిందండీ, కానీ మాకు పిల్లలు పుట్టరన్నారు," అన్నాను.

"గర్భంతో ఉన్నవాళ్ల ఒంట్లో ఈ పదార్థం దానంతటదే కొద్దిగా తయారవుతుంది. ఇంత తక్కువ దొరికితే ముందు ఆ పరీక్ష చేయాలి. మీ విషయంలో అది ఎందుకో తప్పిపోయింది. ఇప్పుడు ఈ సీసాలో మిగిలినదానికే చేస్తాను, కూర్చోండి."

మేం ముగ్గురం బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. తలుపు తెరుచుకుని ఆవిడ వచ్చారు, నవ్వుతున్నారు.

"మీరు ఏ మందూ వాడలేదమ్మా. ఆ రోజు మీరు బరువెత్తేటప్పటికే మీ కడుపులో బిడ్డ ఉంది."

మా ఆయన గోడకు తల ఆనించి పసివాడిలా ఏడ్చారు. "నిన్ను అనుమానించాను కెజియా, నన్ను క్షమించు," అన్నారు. నేనూ ఏడుస్తూనే అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పాను. "మందు కాదని నేను ముందే చెప్పలా?" అని మొదలుపెట్టి, సగంలో ఆగిపోయి, "ఏందీ, బిడ్డంటన్నావా? మళ్లీ చెప్పవే," అన్నారు. నేను ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పమనేవారు.

గుంటూరు వచ్చి స్కానింగ్ చేయించుకుంటే చిన్న గుండె కొట్టుకోవడం మేం కళ్లారా చూశాం. నా మీది కేసు కొట్టేశారు, పతకం నాకే ఉంచారు, మానేసిన ఆడపిల్లలు మిఠాయి పట్టుకుని ఇంటికొచ్చారు. నెలలు నిండాక ఏ లోపమూ లేకుండా పాప పుట్టింది, కృప అని పేరు పెట్టుకున్నాం, అదుగో వెనక వరుసలో వాళ్ల నాయనమ్మను కుదురుగా కూర్చోనివ్వని పిల్ల అదే. నేను కూడా మళ్లీ బరువులెత్తుతున్నాను.

చేయని తప్పుకు మాట పడుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, నోరు నొప్పి పుట్టేలా చెప్పినా ఎవరూ వినకపోతే, ఈ పూట ఆ మాట ఆయనతో చెప్పుకోండి, మీ లోపల ఏముందో చూసి ఉన్నవాడు ఆయన ఒక్కడే. శిక్ష వినడానికి రైలెక్కి వెళ్లినదాన్ని తల్లిని చేసి ఇంటికి పంపించాడు. దేవునికే మహిమ.